ఫోర్‌మన్ గెలిచింది వయసు మీద కాదు

2025 మార్చి 21న అమెరికా హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ తన 76వ ఏట కన్నుమూశాడు. ఆ తర్వాత వారం రోజులపాటు నా ఫోనుకు ఒకటే బొమ్మ పదిసార్లు వచ్చింది. ఎర్ర నిక్కరు వేసుకుని, రింగ్ మూలన మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్న గుండు మనిషి. కింద పెద్ద అక్షరాలతో ‘వయసు ఒక అంకె మాత్రమే’ అని. పంపినవాళ్లలో ఒకరిద్దరు తప్ప ఎవరూ ఒక బాక్సింగ్ పోటీని మొదటి గంట మోగినప్పటి నుంచి చివరి గంట మోగేదాకా చూసినవాళ్లు కారు. అదేమీ నేరం కాదు. నాకు చిరాకు తెప్పించింది ఆ వాక్యం. 45వ ఏట ప్రపంచ టైటిల్ గెలిచిన ఆ రాత్రి ఆ మనిషి చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకమైన మాటను తెచ్చి అతని బొమ్మ కిందే అతికించారనిపించింది.

రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు మా పెద్దన్నయ్య కూడా అదే పంపేసరికి, ‘అంకె మాత్రమే అయితే మెట్లెక్కేటప్పుడు నడుం పట్టుకోవడం ఎందుకన్నయ్యా?’ అని జవాబిచ్చాను. ‘నీకు ప్రతిదానికీ వంకలు పెట్టడం అలవాటు’ అన్నాడు. ఆ అలవాటు ఉన్నమాట నిజమే. కానీ ఇది వంక కాదని చెప్పడానికి ఫోను చాలక ఇక్కడికి వచ్చాను.

ఈడు దాటాక ప్రపంచ టైటిల్ గెలిచిన బాక్సర్ల మీద నాకు పాత మోజు. వాళ్ల పోటీలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన కొద్దీ ఒకటే అనిపిస్తోంది. వయసును ఖాతరు చేయకపోవడం వల్ల వాళ్లు గెలవలేదు. పాతికేళ్ల కుర్రాడికి అక్కర్లేని లెక్కలన్నీ వేసుకుని, ఒంట్లో ఏది మిగిలింది, ఏది పోయింది అని చిల్లర ఎంచినట్టు ఎంచుకుని బరిలోకి దిగబట్టి గెలిచారు. ఇంత మాత్రం రాసి ఊరుకుందామనుకున్నాను. రాస్తుంటే నా మాటకే అడ్డం వచ్చే మనుషులు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. వాళ్లను దాచిపెట్టడం బాగుండదు.

తొమ్మిది రౌండ్లూ వెనకబడ్డ మనిషి

మైకెల్ మూరర్‌ను ఫోర్‌మన్ పడగొట్టిన దృశ్యాన్ని నేను మొదట చూసింది నిమిషం ముక్కగా. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, మూరర్ వెల్లకిలా. అద్భుతమనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి నిద్రపట్టక పోటీ మొత్తం చూశాను. ఆ నిమిషం ముక్క ఎంత దాచిపెట్టిందో అప్పుడు తెలిసింది.

1994 నవంబరు 5, లాస్ వేగాస్. ఫోర్‌మన్ వయసు 45 ఏళ్ల 299 రోజులు. మూరర్‌కు ఇంకా 27 నిండలేదు. ఎడమచేతి వాటం వాడు, ఆ ఏప్రిల్‌లోనే హోలీఫీల్డ్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. అసలు ఈ పోటీ జరగడానికే ఫోర్‌మన్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. క్రితం ఏడాది టామీ మారిసన్ చేతిలో ఓడి, ఆ తర్వాత ఒక్క పోటీ కూడా ఆడనివాడికి టైటిల్ అవకాశం ఏమిటని, టైటిల్ పోటీలకు అనుమతిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీఏ అడ్డుపడింది. నిజం చెప్పాలంటే ఆ అభ్యంతరంలో అన్యాయం పెద్దగా లేదు.

తొమ్మిది రౌండ్లపాటు మూరర్ అతన్ని కొట్టాడు. పెద్దగా ఆర్భాటం లేకుండా, గోడకు మేకు దించుతున్నట్టు వరసగా కొట్టాడు. తొమ్మిదో రౌండ్ ముగిసేసరికి ఇద్దరు జడ్జీల కాగితాల మీద 88-83, మూడోవారి కాగితం మీద 86-85. మూడూ మూరర్ వైపే. ఫోర్‌మన్ రౌండ్ల మధ్య విరామంలో కూడా స్టూలు మీద కూర్చోడు, నిలబడే ఉంటాడు. అది మొండితనమని కొందరు, ఎదుటివాడి మనసుతో ఆడే ఆటని కొందరు అంటారు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని నా అనుమానం. నడుంనొప్పి ఎరిగినవాళ్లు నాతో ఏకీభవిస్తారు.

ఆ పోటీలో చూడాల్సింది అతని పాదాలను. 250 పౌండ్ల శరీరాన్ని రింగ్ అంతా తిప్పే ప్రయత్నమే అతను చేయడు. మూరర్ పక్కకు తిరుగుతాడు, కొడతాడు, మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడతాడు. ఫోర్‌మన్ ఎడమచేత్తో నిదానంగా జాబ్‌లు (ముందుచేత్తో వేసే తిన్నని పొట్టి దెబ్బలు) వేస్తూ, కుడిచేత్తో ఊరికే తాకి చూస్తున్నట్టు వేస్తూ ఉంటాడు. ఆ బరువుకూ ఆ వేగానికీ మూరర్ అలవాటుపడ్డాడని నాకనిపిస్తుంది. ముసలివాడి కుడిచెయ్యి ఇంతే అని ఒక అంచనాకు వచ్చేశాడు. ఎదురుగా నిలబడొద్దని అతని శిక్షకుడు టెడ్డీ అట్లాస్ చెబుతూనే ఉన్నాడు. పదో రౌండ్‌లో అదే ఎడమ, అదే కుడి. ఈసారి కుడిచెయ్యి జానెడు దూరం నుంచి వచ్చి నేరుగా గడ్డం మీద పడింది. రిఫరీ పది లెక్కపెట్టేశాడు.

ఇందులో కుర్రతనం ఎక్కడుంది? పరుగెత్తలేనని, పన్నెండు రౌండ్లు పాయింట్ల మీద నెగ్గలేనని, రక్షణ తన వల్ల కాదని ఒప్పుకున్న మనిషి ఆడిన ఆట ఇది. వయసుతోపాటు అన్నిటికన్నా చివర పోయేది దెబ్బలోని బలమని బాక్సింగ్ జనం ఎప్పటినుంచో అంటారు. ఆ ఒక్క ఆస్తిని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసేదాకా తొమ్మిది రౌండ్ల అవమానం భరించాడు.

1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో 25 ఏళ్ల ఫోర్‌మన్ చేసింది దీనికి తలకిందులు. ఒంట్లోని సత్తువంతా 32 ఏళ్ల మహమ్మద్ అలీ మీద కుమ్మరించాడు. అలీ రింగ్ తాళ్లకు ఆనుకుని కాచుకున్నాడు. ఎనిమిదో రౌండ్‌లో ఖాళీ అయిపోయిన ఫోర్‌మన్ కూలబడ్డాడు. ఆ రాత్రి అలీ కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య సలహాలిచ్చే బృందంలో, ఉన్న శిక్షకుడు ఏంజెలో డండీ 1994లో ఫోర్‌మన్ కార్నర్‌లో ఉన్నాడు. నిక్కరు కూడా కిన్షాసాలో వేసుకున్నదే. కథలల్లేవాళ్లు దీన్ని పాత ఓటమికి బదులు తీర్చుకోవడమంటారు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా అప్పజెప్పిన పాఠంలా కనిపిస్తుంది నాకు.

ఇంకొక సంగతి ఆ బొమ్మ పంపేవాళ్లకు ఎప్పుడూ గుర్తుండదు. 1977 మార్చిలో జిమ్మీ యంగ్ చేతిలో ఓడాక ఫోర్‌మన్ ఆట మానేసి మతబోధకుడయ్యాడు. తిరిగి రింగెక్కింది 1987 మార్చిలో, 267 పౌండ్ల బరువుతో. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లలో రింగ్‌లో అతని తల మీద ఒక్క దెబ్బ పడలేదు. వచ్చాక కూడా మొదట్లో పేరులేని ప్రత్యర్థులను ఏరుకుని ఆడాడని జనం నవ్వారు. నవ్వనీ. 45 ఏళ్ల బాక్సర్లు చాలామందే ఉంటారు, కానీ మధ్యలో పదేళ్లు దెబ్బల నుంచి సెలవు తీసుకున్న 45 వేరు, ఎడతెగకుండా తిన్న 45 వేరు. అంకె ఒకటే అయినా ఒళ్లు ఒకటి కాదు. అంకె అబద్ధమాడుతుందని వాళ్లంటే ఈ అర్థంలో మాత్రం ఒప్పుకుంటాను.

ఆలస్యమైంది మనిషా, అవకాశమా?

ఫోర్‌మన్ కన్నా ముందు, హెవీవెయిట్ టైటిల్ గెలిచినవాళ్లలో అందరికన్నా పెద్దవాడు జెర్సీ జో వాల్కాట్. 1951 జులై 18న పిట్స్‌బర్గ్‌లో ఎజార్డ్ చార్లెస్‌ను ఏడో రౌండ్‌లో పడగొట్టినప్పుడు అతనికి 37 ఏళ్లు. టైటిల్ కోసం అది అయిదో ప్రయత్నం. 1947లో అప్పటి ఛాంపియన్ జో లూయీని రెండుసార్లు కిందపడేసి కూడా జడ్జీల తీర్పుతో ఓడాడు. పిల్లల కడుపు నింపడానికి కూలిపనులు చేస్తూ, పోటీలు మానేస్తూ, మళ్లీ మొదలుపెడుతూ వచ్చినవాడు.

ఆర్చీ మూర్ కథ ఇంకా ఘోరం. 1952 డిసెంబరు 17న సెయింట్ లూయిస్‌లో జోయీ మాక్సిమ్‌ను ఓడించి లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యేనాటికి అతనికి 39. లేదా 36. అతను పుట్టింది 1913లో అని తల్లి, 1916లో అని తను చెప్పేవారు. ఈ విషయంలో నేను తల్లి వైపే. పదిహేనేళ్లకు పైగా వృత్తిలో ఉండి, ఏళ్ల తరబడి ముందు వరస పోటీదారుగా ఉన్నా అతనికి టైటిల్ పోటీ దక్కలేదు. ప్రమాదకరమైన నల్లజాతి బాక్సర్లకు ఛాంపియన్లు దూరంగా మసలుకున్న రోజులవి. చివరికి దక్కినప్పుడు కూడా ఓడిన మాక్సిమ్‌కు లక్ష డాలర్ల హామీ, గెలిచిన మూర్ చేతికి 800 డాలర్లు.

వీళ్లను ‘ఈడు దాటాక గెలిచినవాళ్లు’ అనే జాబితాలో చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఫోర్‌మన్ తన మంచి రోజుల్లో ఒకసారి ఛాంపియన్‌గా వెలిగాడు. మూర్ మంచి రోజులను ఎవరో దొంగిలించారు. అతని ఆలస్యాన్ని పట్టుదలకు చిహ్నంగా చూపించి చప్పట్లు కొడితే దొంగ తప్పించుకుంటాడు. పట్టుదల లేదని కాదు. కానీ 28వ ఏట రావాల్సిన దాన్ని 39వ ఏట ఇచ్చి, చూడు ఎంత స్ఫూర్తిదాయకమో అనడం, జీతం ఎగ్గొట్టిన యజమాని పొదుపు మీద ఉపన్యాసమిచ్చినట్టుంటుంది.

అయితే ఆ దొంగతనమే అతనికి ఒక విద్యను నేర్పిందన్నది కూడా నిజం. చేతులను అడ్డంగా మడిచి, దెబ్బలను మోచేతుల మీద, భుజం మీద జారవిడిచే ఒక కవచం అతనిది. 1958 డిసెంబరులో మాంట్రియల్‌లో ఈవాన్ డ్యురెల్ అతన్ని మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు, అయిదో రౌండ్‌లో మరోసారి పడగొట్టాడు. మూర్ లేచి పదకొండో రౌండ్‌లో గెలిచాడు. తల్లి లెక్క ప్రకారం మరో మూడు రోజులకు 45 నిండుతాయి. ఆ మూరే తర్వాత కిన్షాసాలో ఫోర్‌మన్ కార్నర్‌లో కూర్చున్నాడు. సత్తువను దాచుకోవడంలో ఆరితేరినవాడు పక్కనే ఉండగా, సత్తువ దాచుకోకుండా ఓడిపోయాడు పాతికేళ్ల ఫోర్‌మన్. పక్కన గురువుంటే సరిపోదు, మోకాళ్లు నొప్పి పుట్టాలేమో.

విసుగు పుట్టించే విద్య

బెర్నార్డ్ హాప్‌కిన్స్ అంటే నాకు ఇష్టమని చెబితే బాక్సింగ్ మిత్రులు ముఖం చిట్లిస్తారు. అతని పోటీలు చూస్తే నిద్ర వస్తుందంటారు. వస్తుంది కూడా. 2011 మే 21న మాంట్రియల్‌లో జీన్ పాస్కల్‌ను ఓడించి, 46 ఏళ్ల 126 రోజులకు ఫోర్‌మన్ రికార్డు బద్దలుకొట్టాడు. 2013లో టవోరిస్ క్లౌడ్ నుంచి, అప్పటికి 48 ఏళ్లు, మళ్లీ ఒక టైటిల్. 2014లో బేబుత్ షుమెనోవ్ నుంచి, 49 ఏళ్లు, ఇంకొకటి. ఫోర్‌మన్‌కన్నా పెద్ద వయసులో, ఒకసారి కాదు మూడుసార్లు. అయినా ఏ ఫోనుకూ అతని బొమ్మ రాదు. బొమ్మగా పనికొచ్చే క్షణం అందులో లేదు కాబట్టి.

హాప్‌కిన్స్ చేసేదల్లా ఎదుటివాడిని ఆడనివ్వకపోవడం. పాస్కల్‌కు ఊపుగా దూకడం ఇష్టం. దూకడానికి కాలు సర్దుకునే లోపే హాప్‌కిన్స్ అరడుగు పక్కకు జరుగుతాడు, లేదా అరడుగు ముందుకొచ్చి అతుక్కుపోతాడు. తల, భుజం, మోచెయ్యి అన్నీ పనిచేస్తాయి, రిఫరీ ఎటు నిలబడ్డాడో కూడా అతనికి తెలుసు. ఒక రౌండ్‌కు కొన్ని దెబ్బలే వేస్తాడు, అవి తగిలేలా వేస్తాడు. పోటీ మొత్తం తన నడక వేగానికి దిగివచ్చేదాకా ఓపిక పడతాడు. ఏడో రౌండ్ మొదలయ్యే ముందు ఊపిరాడక రొప్పుతున్న 28 ఏళ్ల ఛాంపియన్ ఎదుట నేలమీద దండీలు తీశాడు. అది మాత్రం పచ్చి పొగరు, చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అతని పక్కన రాయ్ జోన్స్‌ను పెట్టి చూడండి. హాప్‌కిన్స్ కన్నా నాలుగేళ్లు చిన్న. 1993లో ఇద్దరూ తలపడితే జోన్స్ తేలిగ్గా గెలిచాడు. అతనికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు, చేతులు కిందికి వేలాడేసి, దెబ్బ వస్తుంటే చూసి తప్పుకునేంత చురుకుదనం. 2003 మార్చిలో 34వ ఏట హెవీవెయిట్ టైటిల్ కూడా గెలిచాడు. మరుసటి ఏడాది మే నెలలో ఆంటోనియో టార్వర్ రెండో రౌండ్‌లో, సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండ్‌లో అతన్ని పడగొట్టారు. చూసి తప్పుకునే ఆట కంటికీ మెడకూ మధ్య రెప్పపాటు వ్యవధి మీద నిలబడుతుంది. ఆ వ్యవధి కొంచెం పెరిగితే చాలు. జోన్స్ దగ్గర రెండో ఆట లేదు. హాప్‌కిన్స్ దగ్గర మొదటి నుంచీ ఉన్నది ఆ రెండో ఆటే. తొలి వృత్తి పోటీలోనే ఓడిపోయినవాడు, జైలులో అయిదేళ్లకు దగ్గరగా గడిపినవాడు, తన ఒంటిని ఎన్నడూ నమ్ముకోలేదు.

నా లెక్క తప్పే చోట్లు

ఇంతవరకు వాదన బాగానే నడిచింది. వయసును ఒప్పుకున్నవాడు గెలుస్తాడు, ఒప్పుకోనివాడు దెబ్బతింటాడు. ఇది రాసుకున్నాక నాకే అనుమానం వచ్చింది. గెలిచినవాళ్లందరికీ ‘ఒప్పుకున్నవాళ్లు’ అని నేను తర్వాత తీరిగ్గా పేరు పెడుతున్నానా?

రొబెర్తో దురాన్‌నే తీసుకోండి. పోటీకీ పోటీకీ మధ్య ఊరేగుతూ, ఊదిపోతూ బతికిన మనిషి. ఒప్పుకోలు, క్రమశిక్షణ అనే మాటలు అతని ఛాయల్లోకి కూడా రావు. 135 పౌండ్ల బరువు తరగతిలో పేరు తెచ్చుకున్నవాడు 1989 ఫిబ్రవరి 24న అట్లాంటిక్ సిటీలో, 37వ ఏట, 160 పౌండ్ల టైటిల్ కోసం ఇరాన్ బార్క్‌లీ మీదికి వెళ్లాడు. బార్క్‌లీ అంతకు ఏడాది లోపే టామీ హెర్న్స్‌ను మూడు రౌండ్లలో కూల్చినవాడు. అదే హెర్న్స్ 1984లో దురాన్‌ను రెండు రౌండ్లలో కూల్చాడు. ఈ లెక్కన దురాన్ ఆస్పత్రికి వెళ్లాలి. పదకొండో రౌండ్‌లో బార్క్‌లీ కిందపడ్డాడు, టైటిల్ దురాన్‌ది. నోటితో ఒప్పుకోకపోయినా అతని మెడ, నడుము వయసును ఒప్పుకున్నాయని నేను సమర్థించుకోవచ్చు. దెబ్బను అంగుళం తేడాతో జారవిడిచే తీరు చూస్తే ఆ మాట మరీ అన్యాయమనిపించదు. కానీ అది నా సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి నేను వేసుకున్న మాటు అని కూడా తెలుసు.

దీనికన్నా గట్టిగా కొట్టేది 1995 ఏప్రిల్. ఆ నెల 8న లాస్ వేగాస్‌లో 45 ఏళ్ల ల్యారీ హోమ్స్, ఛాంపియన్ ఆలివర్ మెకాల్‌తో పన్నెండు రౌండ్లు ఆడాడు. ఆ వయసుకు ఏం చేయాలో అన్నీ చేశాడు: తాళ్లకు ఆనుకున్నాడు, కుర్రవాడిని అలవనిచ్చాడు, జాబ్ మీద బతికాడు. స్వల్ప తేడాతో ఓడాడు. రెండు వారాల తర్వాత, 22న, అదే ఊళ్లో 46 ఏళ్ల ఫోర్‌మన్ జర్మనీ కుర్రాడు ఆక్సెల్ షుల్జ్‌తో ఆడాడు. షుల్జే గెలిచాడని చూసినవాళ్లలో చాలామంది అభిప్రాయం. జడ్జీలు ఫోర్‌మన్‌కు ఇచ్చారు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్లు, ఇద్దరూ తెలివిగా ముసలివాళ్లయినవాళ్లు. ఒకడు ఛాంపియన్‌గా ఇంటికి వెళ్లాడు, ఒకడు ఓడి వెళ్లాడు. ఇక్కడ వివేకానికన్నా జడ్జీల పెన్సిళ్లకే ఎక్కువ పని ఉంది.

అలీ సంగతికి వస్తే నా వాదన మరింత నీరసపడుతుంది. 1978 సెప్టెంబరు 15న న్యూ ఆర్లీన్స్‌లో లియన్ స్పింక్స్‌ను ఓడించి, 36 ఏళ్ల వయసులో మూడోసారి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తెలివైన పోటీ అది: కొట్టడం, పట్టుకోవడం, తప్పుకోవడం. వయసును ఒప్పుకున్న ఆటే. కానీ అతని వైద్యుడు ఫెర్డీ పచెకో, ఇక ఆడితే ఒళ్లు దెబ్బతింటుందని హెచ్చరించి, వినకపోయేసరికి 1977లోనే అతన్ని వదిలి వెళ్లిపోయాడు. అంటే చరిత్ర పుస్తకాల్లో వెలిగే ఆ మూడో కిరీటం, వైద్యుడు పక్కన లేని రోజుల్లో వచ్చింది. 1980లో అదే అలీ, జుట్టుకు రంగేసుకుని, సన్నబడి, అద్దంలో కుర్రాడిలా కనబడుతూ హోమ్స్ ముందుకు వెళ్లాడు. పది రౌండ్ల తర్వాత డండీ ఆపేశాడు. ఆ పోటీని నేను రెండోసారి చూడలేకపోయాను.

రింగ్‌లో వయసును ఒప్పుకోవడం, రింగ్ నుంచి వెళ్లిపోవాలని ఒప్పుకోవడం వేర్వేరు తెలివితేటలేమో. హాప్‌కిన్స్‌కు మొదటిది దండిగా ఉంది. రెండోది లేదు. 2014 నవంబరులో కొవలెవ్ చేతిలో ఒక్క రౌండ్ కూడా దక్కకుండా ఓడాక ఆగాల్సినవాడు, 2016 డిసెంబరులో 51వ ఏట మళ్లీ వచ్చాడు. జో స్మిత్ జూనియర్ కొట్టిన దెబ్బలకు తాళ్ల మధ్య నుంచి రింగ్ బయటికి, తల కిందుగా పడ్డాడు. పాతికేళ్లకు పైగా సాగిన వృత్తిలో అతన్ని పూర్తికాలం ఆడనివ్వకుండా ఓడించడం అదే మొదటిసారి. నన్ను అడిగితే షుమెనోవ్ పోటీ చాలు. నన్నెవరు అడిగారు?

బెల్టులు, కుర్చీలు

మూర్ రోజుల్లో ఎనిమిది బరువు తరగతులు, ఒక్కోదానికి ఒక్క ఛాంపియన్. ఇప్పుడు తరగతులు రెట్టింపు దాటాయి, పెద్ద సంస్థలే నాలుగు, ఒక్కో సంస్థకు ఒక్కో ఛాంపియన్, ఒక్కో బెల్టు. కాబట్టి ఈ తరం ‘పెద్ద వయసు ఛాంపియన్’ల సంఖ్య చూసి మనుషులు మారిపోయారనుకోకూడదు, బెల్టులు చవకయ్యాయి. మానీ పాక్వియావ్ 2019 జులైలో 40వ ఏట అప్పటిదాకా ఓటమి ఎరుగని కీత్ థర్మన్‌ను మొదటి రౌండ్‌లోనే పడేసి గెలిచినప్పుడు మాత్రం నేను ఈ గొణుగుడు ఆపేశాను.

ఒక కుర్చీలో ఎక్కువకాలం ఒకరే కూర్చుంటే నిలబడేవారెవరన్న ప్రశ్న కూడా ఉంది. వృత్తి బాక్సింగ్ కాకపోయినా మేరీ కోమ్ ఇక్కడ గుర్తొస్తుంది. 2010 తర్వాత ఎనిమిదేళ్లకు, ముగ్గురు పిల్లల తల్లిగా, 2018లో ఆరో ప్రపంచ స్వర్ణం. దానికి నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మరుసటి ఏడాది ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపిక పరీక్ష పెట్టమని నిఖత్ జరీన్ బహిరంగంగా అడిగినప్పుడు, అంత పెద్దావిడను సవాలు చేయడమేమిటని కొందరు విసుక్కున్నారు. పరీక్ష జరిగింది, మేరీ 9-1తో గెలిచింది. అయినా అడగడం సబబే. నిఖత్ 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది. పెద్దవాళ్ల కథలో మనం ఎంత మునిగిపోతామంటే, గుమ్మం బయట నిలబడ్డ అమ్మాయి పొగరుబోతులా కనిపిస్తుంది.

రిజిస్టరు

ఫోర్‌మన్ పునరాగమనం చూసి ఎవరెవరు ఏమయ్యారన్నది ఆ బొమ్మల్లో ఉండదు. జెర్రీ క్వారీ అని ఒకడు ఉండేవాడు. 1960ల చివర, 70ల మొదట్లో మంచి హెవీవెయిట్, ఫ్రేజియర్‌తో, అలీతో పోరాడినవాడు. ఫోర్‌మన్ 42వ ఏట హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లు నిలబడిన మరుసటి ఏడాది, 1992లో, 47 ఏళ్ల క్వారీ రింగెక్కాడు. అప్పటికే అతని జ్ఞాపకశక్తి చెదిరిపోతోంది. లైసెన్సు అడిగే కమిషన్ లేని కొలరాడో రాష్ట్రాన్ని వెతుక్కుని వెళ్లారు. ఆరు రౌండ్లు దెబ్బలు తిని ఓడాడు. చేతికొచ్చింది వెయ్యి డాలర్ల పైచిలుకు. కొద్ది ఏళ్లలో బట్టలు వేసుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావలసిన స్థితికి చేరి, 1999 జనవరిలో 53వ ఏట చనిపోయాడు.

ఫోర్‌మన్‌ది తప్పని నేననను. ఒకరి గెలుపును చూసి ఇంకొకరు చెడిపోతే గెలిచినవాడిని పట్టుకోలేం. కానీ 2024 నవంబరులో 58 ఏళ్ల మైక్ టైసన్ రెండేసి నిమిషాల రౌండ్లలో కాళ్లీడుస్తూ, యూట్యూబ్ నుంచి బాక్సింగ్‌కు వచ్చిన జేక్ పాల్ ముందు తిరుగుతుంటే, అన్నయ్య ‘వయసు అంకె మాత్రమే’ అని మొదటి రౌండ్‌లో ఒకసారి పంపాడు. మూడో రౌండ్ తర్వాత ఏమీ పంపలేదు.

నాకు 43 ఏళ్లప్పుడు ఒళ్లు తగ్గించుకుందామని కొన్ని నెలలు బాక్సింగ్ నేర్చుకోవడానికి వెళ్లాను. శిక్షకుడికి అరవై దగ్గర. ఒకప్పుడు బాగా ఆడిన మనిషని చెప్పేవారు. మోకాళ్లు అరిగి తాడాట మానేశారు. ఒకరోజు నా చేతులకు గ్లోవులు తొడిగి, ‘రెండు నిమిషాలిస్తాను, నన్ను ఒక్కసారి ముట్టుకోండి చూద్దాం’ అన్నారు. ఆయన గ్లోవులు వేసుకోలేదు. నేను కొట్టినప్పుడల్లా అరడుగు. ఇటు అరడుగు, అటు అరడుగు, ఒకసారి నా ముందుకాలి పక్కన తన కాలు పెట్టి నా భుజం మీద చెయ్యి వేశారంతే, నేను గోడ వైపు తిరిగి ఉన్నాను. నిమిషంన్నరకే ఊపిరి అందక చేతులు దించేశాను. ఆయన చెమట పట్టకుండా నవ్వుతున్నారు. ఆ క్షణం నేను కూడా ఆ వాక్యాన్ని నమ్మాను, ఒప్పుకుంటున్నాను.

తర్వాత రుసుము కట్టడానికి బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన రిజిస్టరు తెరిచి పెన్ను తీశారు. నా పేరులో మొదటి అక్షరం దగ్గరే పెన్ను వణికి, గీత పక్క గడిలోకి పోయింది. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని మళ్లీ ప్రయత్నించారు. కాసేపయ్యాక రిజిస్టరును నా వైపు తిప్పి, ‘మీరే రాసెయ్యండి’ అన్నారు. రాశాను. తేదీ కూడా నేనే వేశాను.